ఎడమ భుజం సలహా

ఆ ఉదయం టైలరు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. కూతురి మూడో మార్కు కంప్యూటర్లోకి రాగానే చూసి, దాని పక్కన ఒక టిక్కు పెట్టి, కిందున్న మీట నొక్కి, మళ్ళీ కత్తెర పట్టుకోవాలి. గుండీ కుట్టినంత సేపు కూడా పట్టదు. కూతురు బడికి వెళుతూ బూట్ల తాడు కట్టుకుంటూనే ఆఖరిసారి అప్పజెప్పింది.

"నాన్నా, పదింటికి మార్కు వస్తుంది. రెండోసారి వచ్చినదానికన్నా ఎక్కువుంటే మూడోది పంపు. తక్కువుంటే రెండోది పంపు. మొదటిది మాత్రం చచ్చినా పంపొద్దు."

"అలాగేనమ్మా."

"ఏదీ, నువ్వు చెప్పు."

"ఎక్కువుంటే మూడోది. తక్కువుంటే రెండోది. మొదటిది చచ్చినా వద్దు."

"ఇంకోటి. మావయ్యని అడక్కు. ఆయన చెప్పడం మొదలుపెడితే ముగించేలోపు కాలేజీ మూసేస్తారు."

టైలరు నవ్వి, అడగనని మాటిచ్చాడు. ఆయన మాట మీద నిలబడే మనిషే. కాకపోతే నిలబడేముందు ఎవరినైనా అడిగి నిలబడతాడు.

ఈ పరీక్ష సంగతి కాస్త చెప్పాలి. పేరున్న కాలేజీలన్నిటికీ కలిపి ఒకటే పరీక్ష. సగం లెక్కలు, సగం భాష. ఎన్నిసార్లైనా రాయవచ్చు. వచ్చిన మార్కుల్లో ఏది పంపాలన్నది రాసినవాళ్ళ ఇష్టం. పిల్లలకి కాస్త స్వేచ్ఛ ఉండాలని ఎవరో మంచి మనసుతో పెట్టిన ఏర్పాటు ఇది. ఆ మంచి మనిషికి టైలరు లాంటి తండ్రి లేడని మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

టైలరు కూతురికి ఒకటే కోరిక. కొండమీది కాలేజీలో పటాలు గీసే చదువు చదవాలి. చిన్నప్పుడు నాన్న పారేసిన గుడ్డముక్కలన్నీ నేలమీద పరిచి, ఇది ద్వీపం, ఇది అఖాతం అని పేర్లు పెట్టిన పిల్ల. ఆ విభాగంలో సీట్లు పిడికెడు, అడిగేవాళ్ళు గంపెడు. పరీక్ష మొదటిసారి రాసినప్పుడు లెక్కల్లో అదరగొట్టింది గానీ, భాష దగ్గరికి వచ్చేసరికి బల్లమీద తల వాల్చి నిద్రపోయింది. ముందు రాత్రంతా మేలుకుని చదివిన ఫలితం. వచ్చింది పదమూడు వందల పది. ఆ అంకె ఇంట్లో ఎవరైనా పలికితే ఆమె గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. రెండోసారి నిద్రపోకుండా రాసి పదమూడు వందల తొంభై తెచ్చుకుంది. మూడోది ఈ రోజు రావాలి.

పదింటికి మార్కు వచ్చింది. పద్నాలుగు వందల ఇరవై.

టైలరు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చూశాడు. అంకె మారలేదు. పరమానందంతో టిక్కు పెట్టబోయాడు. పెట్టి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అంకె కింద సన్నని అక్షరాల్లో ఇంకేదో ఉంది. అతుకు కనిపిస్తే అది ఎక్కడిదాకా పోయిందో చూడకుండా ఉండలేని వృత్తి ఆయనది. చదివాడు. భాష ఆకాశంలో ఉంది. లెక్కలు మాత్రం మూడుసార్లలోకీ ఇదే తక్కువ.

'పటాలకి లెక్కలు కావాలేమో' అనుకున్నాడు. 'మరి మొత్తం ఎక్కువుంది కదా' అని కూడా అనుకున్నాడు. అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతం వచ్చి కుట్టుమిషను పక్కన పీట వేసుకుని కూర్చుంది.

నిజానికి టైలరు భయం మార్కుల గురించి కాదు. తను చదివింది తక్కువ. ఆ పిల్ల చదువు విషయంలో ఈనాటిదాకా ఆయన చేతికి వచ్చిన పని ఇదొక్కటే. గుడ్డ తప్పు కత్తిరిస్తే కొత్త గుడ్డ కొనివ్వవచ్చు. ఇక్కడ తప్పు కత్తిరిస్తే ఏం కొనివ్వాలో ఆయనకు తెలియదు.

కూతురికి ఆ రోజు బొమ్మల పరీక్ష, ఫోను బడివాళ్ళ దగ్గర ఉంది. భార్య నర్సు; రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంకా దారిలోనే ఉంది, బస్సులో కూర్చోగానే నిద్రపోయే మనిషి. ఇక మిగిలింది భార్య అన్నగారు. ఆయన బడుల ఇన్‌స్పెక్టరు. మార్కులు, కాలేజీలు ఆయన అరచేతిలో ఉంటాయని ఆయనే చెబుతారు. అడగనని మాటిచ్చిన మాట నిజమే. కానీ ఫోను చేస్తే కదా అడిగినట్టు, ఒక్క ముక్క రాసి పంపితే అడిగినట్టెలా అవుతుంది అని టైలరు తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

ఇక్కడ టైలరు ఫోను గురించి తెలియాలి. ఆయనకు పేర్లు గుర్తుండవు, కొలతలు గుర్తుంటాయి. అందుకని ఫోనులో ఎవరి పేరూ లేదు. పాలు పోసే ఆవిడ 'పొట్టి చేతులు'. ఇంటి యజమాని 'నడుము పెరుగుతోంది'. కట్టుకున్న భార్య 'మెడ పదమూడు'. ఈ పద్ధతిలో పదిహేనేళ్ళుగా ఒక్క పొరపాటూ జరగలేదని ఆయన గర్వం.

ఆ ఫోనులో నలభై నాలుగు ఛాతీ ఉన్నవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు 'నలభై నాలుగు, ఎడమ వాలు'. ఇంకొకరు 'నలభై నాలుగు, కుడి వాలు'. టైలరు ఎప్పుడూ మనిషి వెనకాల నిలబడి భుజాల కొలత తీసుకుంటాడు. అలా అయితే ఆయన ఎడమ, ఆ మనిషి ఎడమ ఒకటే అవుతాయి. బావగారు మాత్రం కొలతలిచ్చిన రోజున వెనక్కి తిరగలేదు. మాట్లాడేటప్పుడు ఎదుటివాడికి వీపు చూపించడం మర్యాద కాదన్నారు. మాట్లాడటం ఎలాగూ ఆపరు. చేసేదిలేక టైలరు ఎదురుగా నిలబడి కొలిచాడు. అలవాటు కొద్దీ, తన కుడిచేతి వైపు కనిపించిన వాలుని కుడి అనే రాసుకున్నాడు.

ఇప్పుడు ఆ సంగతి ఆయనకు గుర్తులేదు. కళ్ళు మూసుకుని బావగారిని తలచుకున్నాడు. లావుపాటి తోలుసంచీ మోసి మోసి దిగిపోయిన ఎడమ భుజం కళ్ళకు కట్టింది. 'ఎడమ వాలు' నొక్కి, జాగ్రత్తగా రాశాడు.

"మూడూ వచ్చేశాయి. 1310, 1390, 1420. మధ్యాహ్నంలోపు ఒకటే పంపాలి. ఏది పంపమంటారు?"

ఈ ముక్క వెళ్ళింది బ్యాండు మాస్టరుకి. ఆయన ఎడమ భుజం కూడా దిగిపోయిందే, పెద్ద డ్రమ్ము మోసి. ఆయన బ్యాండువాళ్ళకి టైలరే కోట్లు కుడుతున్నాడు. దుకాణంలో పుచ్చుకున్న ప్రతి గుడ్డకీ వరసగా ఒక నంబరు వేసి కుట్టేయడం టైలరు అలవాటు. ఆ రోజు సాయంత్రం కచేరీ. మూడు కోట్లు ఇంకా రాలేదు. పొద్దున్నే బంగారు చారల ప్యాంటు తొడుక్కుని కోటు కోసం కాచుకుని కూర్చున్న బ్యాండు మాస్టరు, ఆ మూడు అంకెలూ తన కోట్ల నంబర్లేననుకుని, ఒకటే పంపుతాననగానే మండిపడ్డాడు. జవాబు క్షణంలో వచ్చింది.

"ఒకటేనా? అయితే మొదటిదే పంపండి. మొదట ఇచ్చింది మొదట వెళ్ళాలి. ఇందులో ఆలోచించడానికేముంది?"

టైలరు నిర్ఘాంతపోయాడు. మొదటి ఆశ్చర్యం, బావగారు ఇంత పొట్టిగా మాట్లాడగలరని. రెండోది, ఆ సలహా.

"మొదటిదా? అమ్మాయి అది వద్దంటోంది" అని రాశాడు.

సెలవు రోజుల్లో టైలరు కూతురు దుకాణం బల్ల దగ్గర కూర్చుంటుంది. వచ్చినవాళ్ళకి కుదరదని చెప్పి పంపే పని ఆమెదే. బ్యాండు మాస్టరుకి ఆమె బాగా గుర్తుంది.

"ఆ అమ్మాయి మాట వినకండి. పోయినసారీ ఇలాగే ఏదో చెప్పి నన్ను గుమ్మంలోంచే తిప్పి పంపింది. నిర్ణయం నాది. మొదటిదే."

మేనమామని గుమ్మంలోంచి ఎప్పుడు తిప్పి పంపిందా అని టైలరు ఒక నిమిషం నొచ్చుకున్నాడు. ఆ పిల్ల అంత పనీ చేయగలదనిపించింది. ఆపైన సలహాలో లోతు వెతకడం మొదలుపెట్టాడు. వెతికితే దొరకని లోతు ఉండదు. మొదటిది పంపితే అణకువ. పిల్ల దాపరికం లేనిది అనుకుంటారు. మొత్తం తక్కువైనా లెక్కలు దాన్లోనే ఎక్కువ. పెద్ద చదువు చదివినవాళ్ళు పెద్దగానే ఆలోచిస్తారు, మనకెలా అందుతుంది అనుకుని, దేవుణ్ణి తలచుకుని, పదమూడు వందల పది పక్కన టిక్కు పెట్టి మీట నొక్కేశాడు.

"1310 పంపేశాను" అని రాశాడు. గుండె తేలికపడింది. కత్తెర పట్టుకున్నాడు.

కాసేపటికి ఫోనులో ఇంకో ముక్క వచ్చింది. "ఇంకా రాలేదేం?"

"మీకెందుకొస్తుంది? నేరుగా కొండమీది కాలేజీకే పంపాను. అడ్మిషన్ల ఆఫీసుకి."

జవాబు వచ్చింది. "అక్కడికెందుకు పంపారు మహానుభావా. సరే, నేనే వెళ్ళి మాట్లాడతాను."

టైలరు కళ్ళు చెమర్చాయి. బావగారు పని మానుకుని, మేనకోడలి కోసం కొండెక్కి, కాలేజీవాళ్ళతో మాట్లాడబోతున్నారు. ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి వెనక గుమ్మంలోంచి జారుకున్నందుకు సిగ్గేసింది.

నర్సు ఇంటికొచ్చి సంచీ కుర్చీలో పడేసింది.

"ఏమండీ, మార్కు వచ్చిందా?"

"వచ్చింది. పద్నాలుగు వందల ఇరవై."

"అమ్మయ్య" అంటూ ఆమె గోడకి చేరగిలబడింది. "పంపేశారా?"

"పంపేశాను. పదమూడు వందల పది."

ఆమె వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. తరవాత నాడి పట్టుకుంది.

"నాకేం జ్వరం లేదే. మీ అన్నయ్యే పంపమన్నారు."

"ఎవరు చెబితే ఏంటండీ. ఆస్పత్రిలో మేం బీపీ మూడుసార్లు చూస్తే, మొదటిది లెక్కలోకే తీసుకోం. కంగారులో వచ్చిందని కొట్టేస్తాం. మీరు ఆ కొట్టేయాల్సిందాన్నే పట్టుకెళ్ళి కాలేజీకి పంపారు."

"ఊరికే చెప్పలేదు. ఆయనే స్వయంగా కాలేజీకి కూడా వెళ్ళారు, మాట్లాడటానికి."

నర్సు వెంటనే అన్నకి ఫోను చేసింది. ఇన్‌స్పెక్టరు ఇంట్లోనే ఉన్నారు.

"నన్నా? నన్నెవరడిగారు?" గొంతులో బాధ ధ్వనించింది. "ఏడాది నుంచీ ఎదురుచూస్తున్నానమ్మా, ఏ మార్కు పంపాలన్నయ్యా అని ఒక్కరైనా అడుగుతారని. నాలుగు పద్ధతులు ఆలోచించి పెట్టుకున్నాను. ఒక్కరడిగితే ఒట్టు."

టైలరు భార్య చెవిలో గుసగుసగా అన్నాడు. "చేసిన మేలు చెప్పుకోవడం ఆయనకిష్టం లేదే. పెద్దమనిషి."

"మా అన్నయ్య చెయ్యని మేలు కూడా చెప్పుకుంటాడు. ఇందులో ఏదో ఉంది" అంది నర్సు. ఫోనులో వచ్చిన జవాబులన్నీ అన్నకి చదివి వినిపించింది.

ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించారు. "అమ్మా, నా ఫోను ఎవరో దొంగిలించారు."

"అన్నయ్యా, నువ్వు మాట్లాడుతోంది ఆ ఫోన్లోనే."

"అయితే ఇంకా ప్రమాదం. నా పేరు పెట్టుకుని ఎవడో సలహాలిస్తున్నాడు. అందులోనూ తప్పుడు సలహాలు. నా పేరు ఏమైపోవాలి?"

టైలరు ఆ నంబరుకి ఫోను చేసి చూద్దామన్నాడు. ఆ రోజు ఆయన నోట వచ్చిన తెలివైన మాట అదొక్కటే. ఇన్‌స్పెక్టరు ఒప్పుకోలేదు. ఫోను చేస్తే మోసగాడు జాగ్రత్తపడతాడని, కాలేజీలోనే చేతికి చిక్కించుకోవాలని, తను ఇప్పుడే వస్తున్నానని చెప్పారు. చెప్పినట్టే వచ్చారు. వచ్చేముందు కాలేజీకి ఫోను చేసి, తన పేరుతో ఒక మోసగాడు పదమూడు వందల పది గురించి మాట్లాడటానికి వస్తాడని, వస్తే కదలనివ్వవద్దని కూడా హెచ్చరించారు. పంపిన మార్కు మార్చుకోవచ్చా అని అదే నోటితో అడిగారు. ఆఫీసు మూసేలోపు స్వయంగా వస్తే ఒక్కసారికి మార్చుకోవచ్చన్నారు కాలేజీవాళ్ళు.

ముగ్గురూ టైలరు డెలివరీ బండిలో బయలుదేరారు. ముందు సీటు ఇద్దరికే చాలుతుంది. ఇన్‌స్పెక్టరు మధ్యలో ఒదిగి కూర్చుని, గేరు మార్చిన ప్రతిసారీ మోకాలు పక్కకి తీస్తూ, తన నాలుగు పద్ధతుల్లో మొదటిది వివరించారు. కొండ సగం ఎక్కేసరికి మొదటి పద్ధతికి ముందుమాట పూర్తయింది. నర్సు ఈలోగా కూతురికి ఒక ముక్క పంపింది. "నాన్న మొదటిది పంపారు. పరీక్ష అవగానే కొండమీదకి రా."

టైలరు బండి నడుపుతున్నాడన్నమాటే గానీ, మనసు మనసులో లేదు. చచ్చినా పంపొద్దన్న దాన్నే ఏరికోరి పంపాడు. ఆ పిల్ల మొహం ఎలా చూడాలో తెలియలేదు.

అడ్మిషన్ల ఆఫీసు పొడుగాటి గది. ఒక చివర కిటికీ కింద, కాగితాల దొంతరల మధ్య అధికారిణి కూర్చుని ఉంది. ఈ చివర ఇద్దరు వాచ్‌మన్‌ల మధ్య ఒకాయన తలుపుకి వీపు పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. టైలరు ఆ వీపు చూశాడు. ఛాతీ నలభై నాలుగు. ఎడమ భుజం వాలి ఉంది.

"బావగారూ, మీరు మాకన్నా ముందే వచ్చేశారే" అన్నాడు సంతోషంగా.

"నేనిక్కడే ఉన్నాను కదయ్యా" అన్నారు ఇన్‌స్పెక్టరు, పక్కనుంచి.

టైలరు పక్కకి తిరిగి చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి, ఇన్‌స్పెక్టరు వీపు చూశాడు. తరవాత కుర్చీలో వీపు చూశాడు. రెండు నలభై నాలుగులు, రెండు ఎడమ వాలులు. పదిహేనేళ్ళ గర్వం జారిపోయింది.

కుర్చీలో మనిషి వెనక్కి తిరిగాడు. బంగారు చారల ప్యాంటు మీద మామూలు బనియను వేసుకుని ఉన్నాడు.

"వచ్చారా మాస్టారూ" అన్నాడు బ్యాండు మాస్టరు, ఏడుపుగొంతుతో. "నా కోటు ఏ బీరువాలో పెట్టారో వీళ్ళకి చెప్పండి. పదమూడు వందల పది ఇమ్మంటే, ఆ నంబరు నీకెలా తెలిసిందని ఇక్కడ కూర్చోబెట్టేశారు. కచేరీకి టైమవుతోంది."

అధికారిణి తల ఎత్తింది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఈయన లోపలికొచ్చి, పదమూడు వందల పది నాది, ఎన్నాళ్ళని ఆగమంటారు అన్నారు. అది ఒక విద్యార్థిదండీ అంటే, కాదు నాకే కొలిచి చేశారు అన్నారు. చేతులు పొడుగైతే మడుచుకుంటానన్నారు. ఇరవై ఏళ్ళ నుంచి ఇక్కడ పని చేస్తున్నాను. మార్కుల కోసం చేతులు మడుచుకుంటానన్నవాళ్ళని చూడలేదు."

టైలరు జరిగిందంతా చెప్పాడు. ఎదురు నిలబడి కొలవడం, ఎడమ, కుడి, కోట్లు, అన్నీ. కోట్లు దుకాణంలో హ్యాంగర్లకే వేలాడుతున్నాయని చెప్పగానే బ్యాండు మాస్టరు శాంతించాడు. వాచ్‌మన్‌లు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళారు. ఇన్‌స్పెక్టరుకి మాత్రం నవ్వు రాలేదు. తన పేరుతో వచ్చినవాడు మోసగాడైనా బాగుండేది, డ్రమ్ము వాయించేవాడని తేలడం ఆయనకు మరీ చిన్నతనంగా ఉంది.

"అయిందేదో అయింది. మార్కు మార్చుకుంటాం. కాగితమివ్వండి" అన్నారు.

అధికారిణి ఒక తెల్ల కాగితమిచ్చింది. మార్చడానికి కారణం ఒక వాక్యంలో రాస్తే చాలంది. ఒక వాక్యంలో రాయడం ఇన్‌స్పెక్టరు పుట్టాక ఎన్నడూ ఎరగరు. కలం మూత తీసి, 'గౌరవనీయులైన' దగ్గర మొదలుపెట్టారు. కాలేజీ ఘనత చెప్పారు. విద్య ఎందుకో చెప్పారు. రెండో కాగితం అడిగారు. మూడోది కూడా అడిగారు.

ఆయన ఇంకా 'పై కారణాల దృష్ట్యా' దాకా రాకముందే, తలుపు తోసుకుని టైలరు కూతురు వచ్చింది. పరిగెత్తుకొచ్చినట్టుంది, చేతులనిండా రంగులు. గదిలో అమ్మ, మావయ్య, బనియనుతో బ్యాండు మాస్టరు కనిపించినా ఎవరినీ చూడలేదు. తిన్నగా నాన్న ముందుకొచ్చి నిలబడింది.

"నాన్నా, ఏది చచ్చినా వద్దన్నాను?"

"మొదటిది."

"ఏది పంపావు?"

"మొదటిది."

"ఎవరిని అడగొద్దన్నాను?"

"మావయ్యని. అడగలేదమ్మా, అడిగాననుకున్నాను."

ఆమెకు అర్థం కాలేదు. నర్సు పక్కకి తీసుకెళ్ళి రెండు ముక్కల్లో చెప్పింది. ఆ రెండు ముక్కలూ విన్నాక ఆమె బ్యాండు మాస్టరు వైపు ఒకసారి చూసింది. కళ్ళలో నీళ్ళున్నాయి, నవ్వొస్తోంది కూడా, ఏది ముందు రావాలో తెలియనట్టు పెదవి కొరుక్కుంది.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు టైలరు. "నీకు అక్కరకొచ్చే పని ఒక్కటి చేద్దామనుకున్నాను. అదీ చెడగొట్టాను. లెక్కలు తగ్గాయేమోనని భయమేసింది."

అంతసేపూ దరఖాస్తు తిరగేస్తున్న అధికారిణి ఆ మాటకి చెయ్యి ఆపింది.

"ఏ విభాగం అమ్మా నీది?"

"పటాల తయారీ అండీ."

"ఆ విభాగానికి మొత్తం మార్కు చూడటం ఈ ఏడాదితో మానేశారే. పంపిన మార్కులో లెక్కల భాగం ఒక్కటే చూస్తారు. భాష ఎంతున్నా తెరవరు కూడా. మార్చుకుంటే మార్చుకోండి, నేను వద్దనకూడదు. రూలు ఆ గోడమీదే అంటించి ఉంది."

అందరూ గోడవైపు తిరిగారు. బ్యాండు మాస్టరు తల ఊపాడు.

"ఉందండీ. ఇక్కడ కూర్చోబెట్టిన దగ్గర్నుంచీ నేను చదువుతోంది అదే. నాకేం తెలుసు, అది మీకు పనికొస్తుందని."

గదిలో కలం చప్పుడు మాత్రం ఆగలేదు. ఇన్‌స్పెక్టరు ఆఖరి పేరాలో మునిగి ఉన్నారు. లోకంలో జరుగుతున్నదేదీ ఆయన చెవికెక్కలేదు. సంతకం పెట్టడానికి కలం ఎత్తారు.

"మావయ్యా, ఆ కాగితాలు ఇలా ఇస్తారా" అంది మేనకోడలు.

"ఆగమ్మా, సంతకం ఒక్కటే మిగిలింది."

"అందుకే అడుగుతున్నాను."

కాగితాలు తీసుకుని, మర్యాదగా నాలుగు మడతలు పెట్టి, తన సంచీలో వేసుకుంది. తరవాత అధికారిణి వైపు తిరిగింది. "మార్చొద్దండీ. పదమూడు వందల పదే ఉండనివ్వండి." ఆ అంకె ఆమె తలుపేసుకోకుండా పలకడం ఇంట్లోవాళ్ళు వినడం అదే మొదలు. టైలరు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడేమోనని కూతురు దగ్గరికొచ్చి చూసింది. నిజంగానే ఏడుస్తున్నాడు. ఆమె రంగుల చేత్తోనే ఆయన మొహం తుడిచింది, దాంతో ఆయన చెంపమీద నీలం రంగు సముద్రంలా పరుచుకుంది.

తిరిగి వెళ్ళేటప్పుడు బండి ముందు సీటు మీద ఇన్‌స్పెక్టరు, బ్యాండు మాస్టరు పక్కపక్కన ఇరుక్కుని కూర్చున్నారు. దిగిన భుజం మీద ఎత్తు భుజం ఆనించుకుని కూర్చుంటే ఇద్దరూ చక్కగా సరిపోయారు. తల్లీకూతుళ్ళు వెనకాల గుడ్డల మూటల మీద కూర్చున్నారు. ఆ సాయంత్రం కచేరీ జరిగింది. ఒక కోటుకి గుండీల బదులు గుండుసూదులే ఉన్నా, అది తొడుక్కున్నాయన పాట అయ్యేదాకా ఊపిరి బిగబట్టి నడిపించేశాడు.

అంతకుముందు బండిలో దారి పొడుగునా వాదన ఒకటే.

"మొదటిది పంపమని చెప్పింది నేను" అన్నాడు బ్యాండు మాస్టరు.

"అడిగింది నన్ను" అన్నారు ఇన్‌స్పెక్టరు. "నన్నుద్దేశించి అడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబు నాదే అవుతుంది. మధ్యలో రాసిందెవరన్నది చిన్న విషయం."

ఇప్పటికీ ఇన్‌స్పెక్టరు ఏ బడికి వెళ్ళినా, మొత్తం మార్కు చూసి మోసపోవద్దని, తన మేనకోడలికి తనేం సలహా ఇచ్చారో పిల్లలకి వివరంగా చెబుతుంటారు. బ్యాండు మాస్టరు ప్రతి కచేరీలోనూ రెండో పాటకి ముందు అదే సలహా మైకులో చెబుతాడు.

అమ్మాయి సీటు సంగతి రెండు నెలల్లో తేలిపోయింది, వచ్చింది. సలహా ఎవరిదన్నది మాత్రం ఇంకా తేలలేదు.